కంచం పక్కన వైన్ గ్లాసు: డాబు లేకుండా తాగడం, తినడం ఎలా?

"బిర్యానీతో ఏ వైన్ తాగాలి?", "ఎర్ర వైన్ ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?", "హోటల్లో గ్లాసులో కాస్త పోసి మన ముఖంలోకి చూస్తూ నిలబడితే ఏం చేయాలి?" ఈ మూడు ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి. అడిగేవారిలో చాలామంది గొంతు తగ్గించి, తెలియకపోవడం తమ తప్పన్నట్టు అడుగుతారు. నిజానికి వైన్ చుట్టూ అల్లిన తంతులో సగానికి పైగా మనకు అక్కర్లేదు. అక్కరకు వచ్చే భాగాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఏ వంటకానికి ఏ వైన్ అని చెప్పే జాబితాలు ఎక్కువగా ఒక వంటకం తిన్నాక మరొకటి వచ్చే భోజనాల కోసం తయారైనవి. మన కంచంలో పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి ఒకేసారి ఉంటాయి. ముద్ద ముద్దకూ రుచి మారిపోతుంది. అలాంటప్పుడు ఒక్కో వంటకానికి ఒక్కో సీసా వెతకడం వృథా ప్రయాస. కంచం మొత్తంలో కారం, పులుపు దేనిలో ఎక్కువో చూసి, దాన్ని తట్టుకోగల ఒక్క సీసా ఎంచుకుంటే చాలు. కింద చెప్పేదంతా ఆ లెక్క ప్రకారమే.

మొదలుపెట్టే ముందు

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు. గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవారు, మెట్రోనిడజోల్ లాంటి మందులు వాడుతున్నవారు దీని జోలికి వెళ్లకూడదు. ఎర్ర వైన్ గుండెకు మంచిదని ఎవరో చెప్పారని మొదలుపెట్టాలనుకుంటే వద్దు. హాని చేయని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా ప్రకటించింది. రుచి కోసం, కొద్దిగా, భోజనంతో తాగాలనుకునేవారికే ఈ సలహాలు.

మద్యం మాట ఎత్తితే మన ఇళ్లలో ముఖాలు మాడడానికి కారణం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఊరికే కాదు. అందుకని ఇంట్లో ఇష్టపడని వారిని ఒప్పించే పని పెట్టుకోకండి. తాగని వారికి మజ్జిగో, నిమ్మకాయ సోడానో అదే రకం గ్లాసులో, అంతే శ్రద్ధగా అందించండి.

కావలసినవి

- రెండు సీసాలు. ఒకటి తెల్లది, షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్ష రకంతో చేసినదైతే మంచిది. రెండోది రోజే, అంటే లేత గులాబి రంగుది. సీసాలో 750 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసుకు 150 చొప్పున పోస్తే ఐదు గ్లాసులు. నలుగురు కూర్చునే రాత్రి భోజనానికి రెండు సీసాలు కావలసినదానికంటే ఎక్కువే.
- గాజు గ్లాసులు. కాడ ఉన్నవే కానక్కర్లేదు. మూతి కాస్త లోపలికి ముడుచుకున్నదైతే వాసన నిలుస్తుంది. అది లేకపోతే నీళ్లు తాగే గాజు గ్లాసు చాలు. ఇటలీ పల్లెల్లో తాగేది అలాంటి వాటిలోనే.
- కార్క్ స్క్రూ. తిప్పి తీసే మరమూత ఉన్న సీసా కొంటే అదీ అవసరం లేదు.
- ఐసు, వెడల్పాటి గిన్నె, గుప్పెడు ఉప్పు, రెండు పాత దినపత్రికలు.
- మామూలు భోజనం. వైన్ కోసమని చీజు ముక్కలు, ఆలివ్ కాయలు కొనుక్కురాకండి. ఆ రోజు ఇంట్లో ఏది వండితే అదే.
- పక్కన మంచినీళ్లు, దండిగా.

1. కొనడం

వైన్స్ అని బోర్డు ఉన్న మామూలు దుకాణంలో అసలు వైన్ ఒక మూల దుమ్ము పట్టి పడి ఉంటుంది. ఎక్కువ అమ్ముడుపోయే దుకాణానికే వెళ్లండి. కిటికీ అద్దం వెనక ఎండలో నిలబెట్టిన సీసా తీసుకోకండి. మన వేసవిలో వైన్ సీసాలోనే ఉడికిపోతుంది. మూత చుట్టూ జిగురుగా ఉన్నా, బిరడా పైకి ఉబికి ఉన్నా ఆ సీసా వదిలేయండి.

లేబుల్ మీద రెండు అంకెలు చూడండి. మొదటిది సంవత్సరం: తెల్లవి, రోజేలు రెండేళ్ల లోపువి తీసుకోండి. రెండోది ఆల్కహాల్ శాతం: మన భోజనానికి 13 లోపు ఉండాలి. ఆల్కహాల్ పెరిగేకొద్దీ నోట్లో కారం మంట పెరుగుతుంది. ఈ ఒక్క అంకె చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మరమూత ఉన్నది చవకరకం అనుకోకండి. న్యూజిలాండ్ వైన్‌లలో అత్యధిక భాగం మరమూతలతోనే వస్తుంది, వాటిలో ఖరీదైనవీ ఉన్నాయి. ఇక పోర్ట్ పేరుతో మన దగ్గర తక్కువ ధరకు దొరికే తియ్యటి ఎర్ర వైన్‌కు, పోర్చుగల్‌లోని డోరో లోయలో తయారయ్యే పోర్ట్‌కు సంబంధం లేదు. ఇష్టమైతే తాగండి, కానీ అది చూసి వైన్ అంటే ఇంతేనని తేల్చేయకండి.

శాకాహారులకు ఒక మాట. వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, చేపల నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉంటే వీగన్ అని, అంటే జంతు పదార్థాలు వాడలేదని, లేబుల్ మీద ఉన్నది చూసి కొనండి.

2. చల్లబరచడం

ఇంట్లో వైన్ చెడే చోటు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట యూరప్ ఇళ్లలో పుట్టింది. ఆ గది 16 నుంచి 18 డిగ్రీలు. విజయవాడలో మే నెల గది సంగతి వేరే చెప్పాలా? 32 డిగ్రీల ఎర్ర వైన్ ఘాటుగా, దగ్గు మందులా ఉంటుంది. కాబట్టి ఎర్రది కూడా ఫ్రిజ్‌లో పెట్టాలి.

- ఎర్రది: ఫ్రిజ్‌లో గంట నుంచి గంటన్నర.
- తెల్లది, రోజే: నాలుగు గంటలు. రాత్రంతా పెడితే తాగే ముందు పదిహేను నిమిషాలు బయట ఉంచండి. మరీ చల్లగా ఉంటే వాసన రాదు.
- షాంపేన్ లాంటి బుడగల వైన్: రాత్రంతా ఉంచి, తీసిన వెంటనే పోయండి.

అతిథులు గుమ్మంలో ఉన్నారు, సీసా ఇంకా వెచ్చగా ఉంది. అప్పుడు గిన్నెలో ఐసు, నీళ్లు, ఉప్పు వేసి సీసాను మెడ వరకు ముంచండి. తెల్లదానికి ఇరవై నిమిషాలు, ఎర్రదానికి పది. ఐసు ముక్కలు ఒక్కటే వేస్తే సీసాకు సరిగ్గా అంటవు, నీళ్లు తప్పనిసరి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరచిపోతే సీసా పగులుతుంది. బుడగల వైన్‌ను అసలు పెట్టకండి.

గ్లాసులో ఐసు వేసుకోవచ్చా అని అడిగితే, వేసుకోండి. దక్షిణ ఫ్రాన్స్‌లో వేసవిలో రోజేను నిండా ఐసుతో తాగుతారు. నీరు చేరి పలచబడుతుంది, అంతే నష్టం.

సరిచూసుకోవడం ఎలా? సీసాను చేత్తో పట్టుకోండి. తెల్లది చల్లగా చురుక్కుమనాలి. ఎర్రది మట్టికుండను ముట్టుకున్నంత చల్లదనం ఇవ్వాలి.

3. తీయడం, పోయడం

కార్క్ స్క్రూను నిట్టనిలువుగా తిప్పి, చివరి మెలిక ఒకటి బయట ఉండగానే ఆపి లాగండి. బిరడా విరిగిందా? కార్క్ స్క్రూయే లేదా? కత్తితో పొడవకండి, చేయి తెగుతుంది. సీసాను సింకులో పెట్టి, గరిటె కాడతో బిరడాను మెల్లగా లోపలికి నెట్టండి. కాస్త చిమ్ముతుంది. తర్వాత టీ వడపోతతో వడగట్టి పోసుకోండి. రుచికి ఏమీ కాదు.

బుడగల వైన్ మాత్రం జాగ్రత్త. షాంపేన్ తరహా సీసాలో ఒత్తిడి కారు టైరులో కంటే రెట్టింపు పైమాటే. తీగ విప్పిన క్షణం నుంచి బొటనవేలు బిరడా మీదే ఉంచండి. తువ్వాలు కప్పి, బిరడాను పట్టుకుని సీసాను తిప్పండి. మూతి ఎవరి ముఖం వైపూ ఉండకూడదు. పెద్ద చప్పుడు వచ్చిందంటే సరిగ్గా తీయలేదన్నమాట.

గ్లాసులో మూడో వంతే పోయండి. మర్యాద కోసం కాదు. నిండా పోస్తే ఆఖరి సగం వెచ్చబడిపోతుంది. తెల్ల వైన్ అడుగున గాజు ముక్కల్లా మెరిసే పలుకులు కనిపిస్తే భయపడకండి, అవి ద్రాక్షలోని ఆమ్లం గడ్డకట్టిన స్ఫటికాలు.

4. ఒక్క వాసన, ఒక్క గుటక

గ్లాసు కాస్త తిప్పి వాసన చూడండి. ఇందులో బ్లాక్‌బెర్రీలు, పొగాకు, గుర్రపు జీను వెతకాల్సిన పని లేదు. బ్లాక్‌బెర్రీ తినకుండా పెరిగినవారికి అది తట్టదు. నేరేడు, రేగు, నారింజ తొక్క, మిరియం, తడి మట్టి అని మీకు ఏది తోస్తే అది సరైనదే.

చూడవలసింది చెడిందా లేదా అన్నదే. తడిసిన అట్టపెట్టె, గోనెసంచి వాసన వస్తే బిరడా వల్ల చెడింది. వెనిగర్ వాసన వస్తే గాలి తగిలి చెడింది. తెల్ల వైన్ గోధుమ రంగుకు తిరిగి వాడిన పండు వాసన కొడితే ఎండకు చెడింది. ఈ మూడూ లేకపోతే సీసా బాగున్నట్టే. ఇక అది మీకు నచ్చిందా లేదా అన్నది వేరే విషయం.

ఆవకాయ ముద్ద తిన్న వెంటనే, పళ్లు తోముకున్న వెంటనే, వక్కపొడి నములుతూ మొదటి గుటక వేస్తే ఎంత మంచి వైన్ అయినా చేదుగా ఉంటుంది. ముందు నీళ్లు తాగండి.

5. కంచంతో కలపడం

సూత్రాలు నాలుగే. కారానికి చల్లదనం, కాస్త తీపి. పులుపుకు అంతే పుల్లని వైన్. ఉప్పు, నూనె ఉన్నవాటికి బుడగలు. వగరైన ఎర్ర వైన్‌కు కారం పడదు, మాంసం కొవ్వు, నెయ్యి పడతాయి. ఇక వంటకాల సంగతి.

*గోంగూర మాంసం.* మాంసం కదా అని అందరూ చిక్కని ఎర్ర వైన్ తీస్తారు. గోంగూర పులుపు, పచ్చిమిర్చి, దానిపైన కాబర్నే అనే ఎర్ర వైన్ వగరు! పచ్చి వెలక్కాయ కొరికినట్టు నోరు బిగుసుకుపోతుంది. చల్లని రోజే, లేకపోతే కాస్త తీపి తగిలే షెనిన్ బ్లాంక్ తీసుకోండి. నా దృష్టిలో మన మాంసాహారానికి మొదటి సీసా రోజేనే. ఆడవాళ్ల వైన్ అని వెక్కిరించే మగవాళ్లను పట్టించుకోకండి. రెండో గ్లాసు అడిగేది వాళ్లే.

*నెల్లూరు చేపల పులుసు.* చింతపండు, మామిడికాయ రెండూ ఉన్నాయి కాబట్టి వైన్ కూడా పుల్లగా ఉండాలి. లేకపోతే నీళ్లలా తోస్తుంది. కాస్త తీపి ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ బాగుంటుంది. చేపతో ఎర్రది తాగకూడదన్నది ఉట్టి ఆచారం కాదు. కొన్ని ఎర్ర వైన్‌లలో ఉండే ఇనుము చేప నూనెతో కలిసి నోట్లో నీచు వాసన పుట్టిస్తుంది. అయినా తాగి చూడాలనిపిస్తే తాగి చూడండి, ఒక గుటకతో తెలిసిపోతుంది.

*పులిహోర.* సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్. చింతపండుకు, ఆ వైన్‌లోని నిమ్మగడ్డి లాంటి పులుపుకు చక్కగా కుదురుతుంది. పండగ పూట పులిహోరతో వైన్ పెట్టమని చెప్పడం లేదు. మర్నాడు మిగిలిన పులిహోర సంగతి చెబుతున్నాను.

*బిర్యానీ.* హైదరాబాదీ దమ్ బిర్యానీలో కారం కంటే పరిమళం ఎక్కువ. మంట పుట్టించేది పక్కనున్న మిర్చీ కా సాలన్. సాలన్ తక్కువగా, పెరుగు చట్నీ ఎక్కువగా వేసుకునేవారు కాస్త చల్లబరచిన షిరాజ్ అనే ఎర్ర వైన్ తాగవచ్చు. ఆంధ్ర పద్ధతిలో కారం దట్టించిన బిర్యానీ అయితే మళ్లీ రోజేకే రండి.

*నాటుకోడి పులుసు, రాగి సంకటి.* షిరాజ్‌కు సహజంగానే మిరియాల వాసన ఉంటుంది, అది మసాలాలో కలిసిపోతుంది. సంకటి కారాన్ని అణచిపెడుతుంది కాబట్టి ఎర్ర వైన్‌కు చోటు దొరుకుతుంది. గుత్తివంకాయకూ ఇదే వర్తిస్తుంది. నువ్వులు, వేరుసెనగల నూనె వగరును మెత్తబరుస్తుంది.

*వేపుళ్లు, నంజుకునేవి.* అసలు ఆనందం ఇక్కడ ఉంది. మిరపకాయ బజ్జీ, రొయ్యల వేపుడు, జంతికలు, చెక్కలు, వేయించిన జీడిపప్పుతో చల్లని బుడగల వైన్. నూనెను బుడగలు కడిగేస్తాయి, ఉప్పు వైన్ రుచిని తేటపరుస్తుంది. మొదటిసారి ప్రయత్నించేవారు భోజనంతో కాకుండా సాయంత్రం బజ్జీలతోనే మొదలుపెట్టండి. విఫలమయ్యే అవకాశం చాలా తక్కువ.

*ముద్దపప్పు, నెయ్యి, అప్పడం.* షెనిన్ బ్లాంక్. ఆవకాయ కలపనంత వరకే.

*ఆవకాయ.* ఏ వైనూ నిలవదు. ఆవపిండి, కారం, పచ్చినూనె కలిసి నాలుకను ఆక్రమించేస్తాయి. గ్లాసు పక్కన పెట్టి ఆవకాయ తినండి, తర్వాత కావాలంటే వైన్‌కు తిరిగి రండి. పెరుగన్నం దగ్గర వైన్ ఆపేయాలి.

*బొబ్బట్లు, పూతరేకులు.* మిఠాయి కంటే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే పుల్లగా మారుతుంది. లేట్ హార్వెస్ట్ అని రాసి ఉన్న తీపి వైన్ చిన్న గ్లాసుడు. దొరకకపోతే ఫిల్టర్ కాఫీ అంతకంటే మంచి జోడీ.

కుదిరిందో లేదో తెలుసుకునే పద్ధతి: ముద్ద, గుటక, మళ్లీ ముద్ద. మూడు సంగతులు గమనించండి. మంట పెరిగిందా? వైన్ చేదుగానో నీళ్లగానో మారిందా? రెండో ముద్ద మొదటి దానికంటే బాగుందా? మంట పెరిగితే వైన్‌ను ఇంకా చల్లబరచండి. చేదెక్కితే అన్నంలో నెయ్యి వేయండి, లేదా కాస్త తియ్యటి సీసాకు మారండి. నీళ్లగా మారితే ఇంకా పుల్లని వైన్ కావాలి. రెండో ముద్ద బాగుంటే ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

6. కళ్లకు గంతలు కట్టి చూడటం

ధరకు, రుచికి సంబంధం ఎంతో తెలుసుకోవాలంటే ఇద్దరు ముగ్గురు స్నేహితులను పిలవండి. ఒక చవక సీసా, ఒక ఖరీదైన సీసా, రెండూ ఒకే రకం ద్రాక్షవి తీసుకోండి. దినపత్రికలు చుట్టి, సీసాలు చూడనివారితో పోయించండి. అందరూ చీటీ మీద తమకు నచ్చినది రాసుకున్నాకే కాగితం విప్పాలి. ముందే నోరు విప్పితే ఆట చెడిపోతుంది, బాగా మాట్లాడేవాడి అభిప్రాయమే అందరిదీ అవుతుంది.

ఫలితం చూసి సిగ్గుపడకండి. 1976లో పారిస్‌లో పేర్లు దాచి పోటీ పెడితే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తమ దేశపు గొప్ప వైన్‌లను పక్కన పెట్టి కాలిఫోర్నియా సీసాలకు మొదటి స్థానాలు ఇచ్చారు. 2001లో బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకు ఎరుపు రంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే, వారు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు.

7. మిగిలింది

బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, ఎర్రదైనా సరే. తెల్లది, ఎర్రది మూడు రోజులు బాగుంటాయి. బుడగల వైన్ మర్నాటికే చప్పబడుతుంది. మూతిలో చెంచా వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయన్నది వట్టి నమ్మకం. రుచి కాస్త తగ్గిన ఎర్ర వైన్‌లో నారింజ ముక్కలు, ఐసు, తియ్యటి నిమ్మ సోడా కలపండి. స్పెయిన్‌లో ఇలాంటిదే వేసవి పానీయం. బాస్క్ ప్రాంతంలో ఎర్ర వైన్‌లో కోలా కలుపుకుని హాయిగా తాగుతారు. వైన్ పుట్టిన దేశాల్లో లేని పట్టింపు మనకెందుకు?

8. హోటల్లో

జాబితా చేతికి రాగానే గ్లాసు చొప్పున అమ్మేవి ఏమున్నాయో చూడండి. సహాయం కావాలంటే మీరు భరించగల ధర మీద వేలు పెట్టి, "ఈ ధరలో, కారం ఉన్న కూరలతో పోయేది ఏమిటి?" అని అడగండి. పక్కవారికి వినిపించదు, అడిగినవారికి అర్థమవుతుంది.

సీసా తెచ్చి చూపిస్తే మీరు అడిగిన పేరు, సంవత్సరం అవునో కాదో చూడండి. బిరడా ఇస్తే బల్ల మీద పెట్టేయండి, దాని వాసన చూడక్కర్లేదు. కాస్త పోసి నిలబడితే పైన చెప్పిన మూడు చెడ్డ వాసనలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే "బాగుంది, పోయండి" అంటే సరి. ఆ చుక్క మీ అభిరుచికి పరీక్ష కాదు, సీసాకు పరీక్ష. తడిసిన అట్ట వాసన వస్తే మొహమాటపడకుండా చెప్పండి, మార్చి ఇవ్వడం వారి బాధ్యత. నచ్చలేదు అన్న కారణంతో మాత్రం తిప్పి పంపలేరు.

గ్లాసు చొప్పున తీసుకుంటే సీసా ఎప్పుడు తెరిచారో అడగండి. ఎర్రది మరీ వెచ్చగా ఉంటే ఐసు గిన్నె తెప్పించుకోండి. వింతగా చూస్తే చూడనివ్వండి.

9. తోటలకు వెళ్లినప్పుడు

వైన్ చేసే ద్రాక్ష తోటలు చూడాలంటే మనకు దగ్గరి యాత్ర నాశిక్. సికింద్రాబాద్ వైపు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాశిక్ రోడ్ మీదుగానే వెళ్తుంది. గంగాపూర్ ఆనకట్ట దగ్గర రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన సులా తోట నుంచి 2000లో మొదటి వైన్ బయటికి వచ్చింది. యార్క్, సోమా తోటలు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. బెంగళూరులో ఉండే తెలుగువారికి నంది కొండల దిగువన ఉన్న గ్రోవర్ తోట దగ్గర పడుతుంది. హంపి కొండల్లో క్రిస్మా తోటను పెట్టింది హైదరాబాద్ వాసులైన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు. అక్కడి కాబర్నే దొరికితే ఒకసారి రుచి చూడండి, గోంగూరతో మాత్రం కాదు.

యూరప్‌లో ద్రాక్ష కోత శరదృతువులో జరిగితే, మన దగ్గర జనవరి నుంచి మార్చి వరకు. కోత చూడాలంటే అప్పుడే వెళ్లాలి. వానాకాలంలో వెళ్తే కొండలు పచ్చగా ఉంటాయి కానీ తీగలకు పళ్లుండవు.

వెళ్లిన రోజు ఉదయం కడుపు నిండా తినండి. నాశిక్‌లో మిసల్ పావ్ తినకుండా రావడం తప్పే, కానీ దాని ఘాటు తగ్గడానికి గంటైనా ఆగి వైన్ దగ్గరికి వెళ్లండి. అత్తరు పూసుకోకండి, పక్కవారికి వాసన తెలియదు. తేలికవి ముందు, చిక్కనివి తర్వాత, తీపి చివర. రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర పెడతారు. ఉమ్మేయడం అవమానం కాదు, నిపుణులు చేసేది అదే. ఒక పూటకు రెండు తోటలు చాలు. మూడో తోటలో ఏం తాగారో మీకు గుర్తుండదు.

కారు నడిపేవారు ముట్టకూడదు. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఆ లెక్క గ్లాసుల్లో వేసుకోకండి. ముందే టాక్సీ మాట్లాడుకోండి.

10. విదేశాల్లో

ఫ్రాన్స్, ఇటలీల్లో చిన్న భోజనశాలకు వెళ్తే సీసాల జాబితా వదిలేసి ఇంటి వైన్ అడగండి. పావు లీటరు, అర లీటరు కూజాల్లో ఇస్తారు. ఫ్రాన్స్ నగరం లియాన్‌లో దళసరి అడుగున్న 46 సెంటీలీటర్ల సీసాలో పోసిస్తారు. ఫ్రాన్స్‌లో కూజా నీళ్లు ఉచితం, అడిగితే ఇవ్వాలి. ఇటలీలో బిల్లులో కోపెర్తో అని కనిపిస్తే అది కూర్చున్నందుకు తలకింత చొప్పున వేసే రుసుము, మోసం కాదు.

వియన్నాలో సాగుదారులే తమ వైన్ అమ్మే హోయ్‌రిగర్‌లు ఉంటాయి. 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ ఇచ్చిన అనుమతితో మొదలైన పద్ధతి. గుమ్మానికి పైన్ కొమ్మ వేలాడితే తెరిచి ఉన్నట్టు. అక్కడ సగం వైన్, సగం సోడా కలిపి తాగడం మామూలే.

మన పిల్లలు వైద్యం చదవడానికి వెళ్తున్న జార్జియాలో వైన్‌ను భూమిలో పాతిన పెద్ద మట్టి కాగుల్లో చేస్తారు. ఆ పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తొక్కలతో పాటు ఊరే తెల్ల వైన్ కాషాయ రంగులో, వగరుగా ఉంటుంది. అక్రోటు ముద్ద పెట్టిన వంకాయ చుట్టలతో తాగండి, గుత్తివంకాయ తినేవారికి వెంటనే నచ్చుతుంది. విందులో ప్రతి మాటకూ గ్లాసు ఖాళీ చేయమంటారు. పెదవులకు తాకించి దించేయండి.

కాలిఫోర్నియాలో ఉండేవారు బంధువులు రాగానే నాపా లోయ వైన్ తోటలకు తీసుకువెళ్తారు. అక్కడ రుచి చూడటానికే బాగా డబ్బు పెట్టాలి. లివర్‌మోర్, లోడై ప్రాంతాలు అంత ఖరీదు కావు, జనం ఒత్తిడీ తక్కువ. తెరిచిన సీసా కారులో సీటు దగ్గర ఉంటే అక్కడ నేరం, డిక్కీలో పెట్టండి.

11. సీసాలు ఇంటికి తేవడం

- విదేశాల నుంచి వస్తే పెద్దలకు తలా 2 లీటర్ల వరకు సుంకం లేదు. అంటే మామూలు సీసాలు రెండు. మూడోదానికి కట్టాలి.
- సీసాను చేతి సంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీలో తీసేస్తారు. బట్టల మధ్య, పెట్టె నడిమధ్య పెట్టి, ముందుగా రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టండి. కార్క్ స్క్రూ కూడా పెద్ద పెట్టెలోనే.
- నాశిక్ నుంచి, బెంగళూరు నుంచి రోడ్డు మీద తెచ్చేవారు బయలుదేరే ముందు దారిలోని అన్ని రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలు చూసుకోండి. పొరుగు రాష్ట్రాల సీసాలను సరిహద్దు చెక్‌పోస్టుల్లో పట్టుకోవడం మామూలే. బిల్లు దగ్గర ఉంచుకోండి. రైలులో తీసుకురావద్దు. గుజరాత్, బిహార్‌ల మీదుగా అసలే వద్దు, అక్కడ మద్య నిషేధం ఉంది.
- ఎండలో ఆపిన కారు డిక్కీలో సీసాలు వదలకండి. భోజనానికి ఆగిన గంటలోనే ఉడికిపోతాయి.
- ఇంటికి తెచ్చాక అటక మీద, వంటగదిలో పొయ్యి పక్కన పెట్టకండి. ఇంట్లో చల్లగా, చీకటిగా ఉన్న మూల చూసి, బిరడా ఉన్నవైతే పడుకోబెట్టండి. అలాంటి మూల లేకపోతే ఫ్రిజ్ అడుగు అర చాలు.
- మనవడి పెళ్లికి తెరుద్దామని బీరువాలో దాచకండి. మనం కొనగలిగే సీసాల్లో చాలావరకు దాచేకొద్దీ చచ్చుబడేవే. తెల్లవి ఈ ఏడాదిలో, ఎర్రవి రెండు మూడేళ్లలో తాగేయండి.